చప్టా మీద అమ్మవారు

కాలువ కట్టేసిన రోజుల్లో ఈశ్వరమ్మకు సరిగా నిద్రపట్టదు. నీళ్లు పారుతున్నన్నాళ్లూ ఇంటి వెనక ఎవరో మెలకువగా కూచున్నట్టే ఉంటుంది. వేసవికి లాకులు దించేసి కాలువ ఆరబెట్టగానే ఆ అలికిడి పోతుంది. ఆమె వెల్లకిలా పడుకుని, చెవులు పనిచేస్తున్నాయో లేదోనని చిటికె వేసి చూసుకుంటుంది.

తెనాలికి దిగువన ఆ ఊళ్లో కట్ట మీద ఆఖరిల్లు వాళ్లది. పెరటి గేటు తీస్తే కాలువ, కాలువ మీద చప్టా. అడ్డంగా సిమెంటు తూములు పేర్చి పైన పలక పోసిన చిన్న దారి అది. అవతలి గట్టున ఉన్న సొంత పొలానికి వెళ్లడానికి ఆమె భర్త ఎవర్నీ అడక్కుండా వేయించాడు. అప్పట్లో అడిగేవాళ్లూ లేరు. తర్వాత ఎగువన పెద్ద వంతెన వచ్చింది. చప్టా మీద జనం నడవడం మానేశారు. అది ఒక పక్కకి కుంగింది. తూములు పూడుకుపోయాయి. పైనుంచి కొట్టుకొచ్చే గుర్రపుడెక్క, తూటికాడ, ప్లాస్టిక్ సంచులు, అరటి బోదెలు, వినాయకుళ్ల చెక్కపీటలు, ఎవరివో చిరిగిన పరుపులు, అన్నీ దానికి తట్టుకుని ఆగిపోయేవి. నీళ్లు ఆ చెత్త వెనక పొంగి, ఎక్కడో ఇంత సందు వెతుక్కుని కిందికి జారేవి.

ఈ వేసవిలో ఇరిగేషన్ ఏఈ జ్యోత్స్న స్కూటీ మీద వచ్చి కట్ట మీద ఆగింది. నిండా ముప్పయ్యేళ్లు లేవు ఆ పిల్లకి.

"మామ్మగారూ, ఈ చప్టా మీదేనంట కదా?"

"మాదేనమ్మా. మా ఆయన వేయించింది."

"తీసేస్తున్నామండి. రేపల్లె అవతలి ఊళ్లకి నీళ్లు అందట్లేదు. వాళ్లు బాపట్ల వెళ్లి కలెక్టర్ గారికి అర్జీ ఇచ్చుకున్నారు. కాలవ పొడుగూతా అడ్డాలన్నీ తీసేయమని ఆర్డరొచ్చింది."

"ఎక్కడి రేపల్లె, ఎక్కడి మా చప్టా అమ్మా!"

"ఇక్కడ మూరెడు నీళ్లు ఆగితే అక్కడికి చెంబెడు కూడా చేరవండి. వాళ్లకి బోర్లు వేసినా ఉప్పునీళ్లే. తాగడానికీ ఈ కాలవే, పంటకీ ఈ కాలవే."

ఆ మాట ఈశ్వరమ్మకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆమె కూతురు జయలక్ష్మిని ఇచ్చింది రేపల్లె అవతలి ఊరికే. ఏటా నారుమళ్ల వేళకి జయలక్ష్మి ఫోన్ చేసేది. "నీళ్లింకా రాలేదమ్మా, మావయ్యగారు పొద్దస్తమానం కాలవ గట్టు మీదే కూచుంటున్నారు" అనేది. "వస్తాయిలేవే, ఇక్కడ నిండుగా పారుతున్నాయి" అనేది ఈశ్వరమ్మ. అన్నమాటేగానీ, అక్కడి ఎండిన మడికీ తన పెరటి వెనక చెత్తకీ ముడిపెట్టి ఎప్పుడూ చూడలేదు. చూడాలనిపించలేదు.

కొడుకు బసవేశ్వరరావు దుగ్గిరాల యార్డులో పసుపు వ్యాపారం చేస్తాడు. అవతలి గట్టు పొలాన్ని ప్లాట్లు వేసి అమ్మాలని అతని ఆలోచన. చప్టా కుంగినా, మేకలు తప్ప ఎవరూ దాటకపోయినా, అది ఉన్నన్నాళ్లూ ఆ పొలానికి దారి ఉన్నట్టు లెక్క. అది పోతే కొత్తది కట్టనివ్వరు. అతను పని ఆపించమని ఇద్దరు ముగ్గుర్ని కలిసొచ్చాడు. పని జరగలేదు. పొద్దున్నే ఇడ్లీ తింటూ విసుక్కున్నాడు.

"దాని మీద ఏ పోతురాజో, గంగమ్మో ఉంటే బాగుండేదమ్మా. ఒక్కడూ జోలికి వచ్చేవాడు కాదు. పోలేరమ్మ రాయి అడ్డొచ్చిందని రోడ్డునే వంకర తిప్పారు మన పక్కూళ్లో."

కోడలు ఉమారాణి నవ్వింది. అతనూ నవ్వాడు. ఈశ్వరమ్మ నవ్వలేదు.

ఆమెకు ప్లాట్ల గొడవ పట్టదు. ఆమె బాధ వేరు. నీళ్ల దాకా సాగనంపి, నీళ్లు దాటకుండా ఆగిపోవాలని వాళ్లత్తగారు నేర్పింది. అందుకని ఇంట్లోంచి ఎవరు వెళ్తున్నా ఈశ్వరమ్మ చప్టా మొదట్లోనే ఆగిపోయేది. పెళ్లిబట్టల్లో జయలక్ష్మి అక్కణ్ణుంచే వెనక్కి వెనక్కి చూసుకుంటూ అవతలి గట్టున కారెక్కింది. ఈశ్వరమ్మ తమ్ముడు అక్కణ్ణుంచే చెయ్యూపి వెళ్లి, తర్వాత ఏడాది తిరక్కుండా ఫొటోగా మిగిలాడు. భర్తను మోసుకెళ్లిందీ దాని మీదనుంచే. వెళ్లినవాళ్లందరూ అవతలి గట్టు నుంచే వెళ్లారు గనుక, ఆ దారంటూ ఉంటే వాళ్లు అవతలి గట్టునే ఉన్నట్టు ఆమెకు ఒక పిచ్చి ధైర్యం. దాన్ని ఇనుప గోళ్లతో పీకి లారీలో పోస్తారంటే గుండె జారిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున, పాలవాడు రాకముందే లేచింది. పెరట్లో రుబ్బురోలు ఉంది. మిక్సీ వచ్చాక దాంతో పని తగ్గిపోయింది. ఏ పండక్కో గారెలకి తప్ప వాడరు. అందులోంచి నల్లరాతి పొత్రాన్ని ఒళ్లోకి దొర్లించుకుని, గోనెపట్టా మీద పెట్టి, గేటు దాకా ఈడ్చింది. గేటు దగ్గర రొప్పుతూ కూలబడింది. లేచి మళ్లీ ఈడ్చింది. చప్టా నడిమధ్యన నిలబెట్టి అడుగున మట్టి కూరింది. పొత్రం పైకి సన్నగా, కిందికి బొద్దుగా, చూడ్డానికి అచ్చం కూచున్న మనిషిలాగే ఉంది.

పసుపు రాసింది. కుంకుమ వేళ్లతో పెట్టడానికి ఆమెకు చెయ్యాడలేదు. భర్త పోయాక ఆ పని మానేసింది. వేపపుల్ల తుంచి దాని చివరతో అద్దింది. రెండు మందారాలు పెట్టింది. దూరం నుంచి చూస్తే ఆమెకే ఒళ్లు జలదరించింది. అలవాటు కొద్దీ చేతులు జోడించబోయి, సగంలో దించేసుకుంది.

పది గంటలకల్లా పొక్లెయిన్ వచ్చింది. డ్రైవర్ ఉదయ్ కిరణ్‌ది చీరాల దగ్గర. ఇంట్లో మగ్గాలు మూలపడ్డాక ఈ బండి పట్టుకున్నాడు. ఎడాపెడా తూటికాడ పీక్కుంటూ చప్టా దాకా వచ్చి, టక్కున ఆపేశాడు.

"ఏంట్రా ఆపావు?" అంది గట్టు మీంచి జ్యోత్స్న.

"అమ్మవారుంది మేడం. నేను చెయ్యి వెయ్యను. మా ఊళ్లో వేపచెట్టు కింద రాయి తీసినోడి బండి మర్నాడే మురుక్కాలవలో బోర్లా పడింది."

"బండి బోర్లా పడింది వాడు తాగి నడిపినందుకయ్యుంటుంది."

"తాగే నడిపాడు మేడం. రోజూ తాగే నడిపేవాడు. ఆ రోజే ఎందుకు పడిందంటారు?"

చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. జ్యోత్స్న నవ్వకుండా ఈశ్వరమ్మ వైపు తిరిగింది.

"మొన్న నేనొచ్చినప్పుడు లేదే మామ్మగారూ ఇది?"

ఈశ్వరమ్మ నోరు తెరిచేలోపే, ముసలి ఎల్లమంద కర్ర తాటిస్తూ ముందుకొచ్చాడు.

"ఎందుకు లేదమ్మాయ్? నా చిన్నప్పట్నుంచీ ఉంది. మట్టిలో కూరుకుపోయి ఉంటది, నీళ్లు తీశాక బయటపడ్డది. మా నాయనమ్మ ఇక్కడే దణ్ణం పెట్టుకునేది. నాకు బాగా గుర్తు."

అతను అబద్ధమాడలేదు. అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. లేని రాయి అతనికి నిజంగానే గుర్తొచ్చింది. ఈశ్వరమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఆ పూట పొక్లెయిన్ చప్టా జోలికి రాకుండా అటు కొంత, ఇటు కొంత బాగుచేసుకుంటూ కిందికి పోయింది. జ్యోత్స్న పై అధికారులకి ఫోన్ చేసింది. ఊళ్లో గొడవ కాకుండా చూసుకోమన్నారు.

ఆ తర్వాతి సంగతి ఈశ్వరమ్మ అనుకున్నది కాదు. రాయి పెడితే పనివాళ్లు ఆగుతారనుకుంది. ఊరు మొత్తం కదులుతుందనుకోలేదు. ఆదెమ్మ మనవడికి జ్వరం తగ్గిందని కొబ్బరికాయ కొట్టి వెళ్లింది. ఎవరో గాజులు పెట్టారు. ఎవరో నిమ్మకాయల దండ వేశారు. శుక్రవారం నాటికి అమ్మవారికి ఎర్రచీర వచ్చింది, పేరు కూడా వచ్చింది, కాలవమ్మ తల్లి అని. గుడికి పెద్దావిడగా ఈశ్వరమ్మనే ఉండమన్నారు, ఇల్లు దగ్గర కదా అని. వచ్చిన ఆడవాళ్లు ఆమె కాళ్లకి కూడా దణ్ణం పెట్టబోయేవాళ్లు. ఆమె కాళ్లు వెనక్కి లాక్కునేది. "పెద్దావిడకి ఎంత వినయమో" అనుకునేవాళ్లు.

ఒకరోజు ఉమారాణి ఖాళీ రోలు దగ్గర అంట్లు తోముతూ, "పొత్రం లేకపోతే రోలు బోసిగా ఉంది కదత్తయ్యా" అంది. అని, మళ్లీ గిన్నెలో చూపు పెట్టింది.

నీళ్లు వదిలే రోజు దగ్గరపడింది. పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని చివరి ఊళ్ల రైతులు నలుగురు ఆటో కట్టించుకుని వచ్చారు. ముందు కూచున్న మనిషి దిగుతూంటే ఈశ్వరమ్మ పెరటి గేటు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన జయలక్ష్మి మామగారు, పేరయ్య. నిటారైన పొడుగాటి మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్ల సీసా. ఎక్కడికెళ్లినా తన నీళ్లు తను తెచ్చుకుంటాడు. ఉప్పునీళ్ల ఊళ్లో పుట్టినవాడికి మంచినీళ్లు ఒకర్ని అడగడం మొహమాటం.

"ఇది తీసేస్తే అయిపోయినట్టేనండి, మిగతాదంతా తీసేశాం" అంది జ్యోత్స్న. "కానీ చూశారుగా పరిస్థితి."

పేరయ్య చప్టా వైపు చూశాడు. ఎర్రచీర, పసుపు, దండలు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"అదేంటి మావా, వాళ్లని అడగడానికొచ్చి నువ్వే చెప్పులిప్పావు?" అన్నాడు వెంట వచ్చినవాళ్లల్లో ఒకడు.

"అమ్మవారిని లేపి పక్కన పడేయండని మన నోటితో ఎట్టా అడుగుతాంరా? మన నీళ్లు మనకి రాకపోవడం వేరు, ఇది వేరు."

ఆయన చప్టా మీదికి నడిచి రాయి ముందు వంగాడు. సీసా మూత తీసి, తాను తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్లు మొత్తం ఆ పొత్రం మీద నెమ్మదిగా పోశాడు. పోస్తూ పైకే అన్నాడు:

"తల్లీ, చివర్న ఉన్నవాళ్లం. నీ కాళ్ల కిందనుంచి కాసిని నీళ్లు వదిలిపెట్టు. ఎవరి మీదా కోపం లేదు మాకు."

పసుపు కరిగి చప్టా మీద పచ్చగా కారింది. గేటు వెనక ఉన్న ఈశ్వరమ్మ ఇప్పుడైనా పరిగెత్తికెళ్లి, 'అన్నయ్యగారూ, పొయ్యకండి, అది మా రోట్లో రాయి' అని అరవచ్చు. అరవలేదు. కొడుకు పక్కనే ఉన్నాడు. ఊరు ఊరంతా ఉంది. ఆమె చేతులు గేటు చువ్వల్ని పట్టుకున్నాయి. అంతే.

వియ్యంకుణ్ణి భోజనం చేయకుండా పంపడం జరిగే పని కాదు. ఉమారాణి గోంగూర పచ్చడి, ముద్దపప్పు, వంకాయ కూర చేసింది. పేరయ్యకు గోంగూరంటే ప్రాణం. మొదటి ముద్ద తిని, "మిక్సీలో వేశావా అమ్మాయ్?" అన్నాడు నవ్వుతూ.

"అవునండి బాబాయిగారూ."

"ఈ ఇంట్లో రోటి పచ్చడికి పేరు. జయ మా ఇంటికొచ్చిన కొత్తల్లో, మా అమ్మ రుబ్బినట్టు లేదు, మా అమ్మ రుబ్బినట్టు లేదు అని ఒకటే ఏడుపు."

బసవేశ్వరరావు గట్టిగా నవ్వాడు. ఈశ్వరమ్మ మజ్జిగ గిన్నె తెచ్చే నెపంతో లోపలికి పోయింది.

చేతులు కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వెళ్లాడు. కొళాయి రోలు పక్కనే ఉంది. ఈశ్వరమ్మ తువ్వాలు పట్టుకుని వెనకే నిలబడింది. ఆయన చెయ్యి కడుక్కుంటూ రోలు వంక చూశాడు. గుంటలో ఎండుటాకులు, చీమలు.

"పొత్రం ఏది చెల్లెమ్మా?"

"పగిలిపోతే పారేశామన్నయ్యగారూ." నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"రాతి పొత్రం పగిలిందా!" అన్నాడు. అని కొళాయి కట్టేశాడు. కళ్లెత్తి గేటు అవతలికి చూశాడు. అక్కణ్ణుంచి ఎర్రచీర కనిపిస్తూనే ఉంది, తను పోసిన నీళ్లకి తడిసి, లోపలి రాయి ఆకారం తెలిసేట్టు అంటుకుపోయి. ఆయన చూపు అక్కణ్ణుంచి రోటి మీదికి వచ్చింది. రోటి మీంచి ఆమె మొహం మీదికి రాలేదు. తువ్వాలు తీసుకుని, తడి ఆరిపోయాక కూడా చేతుల్ని చాలాసేపు తుడుచుకున్నాడు.

"సరే చెల్లెమ్మా. పొద్దుగూకేలోపు చేరాలి."

అంతే అన్నాడు. ఇంకో మాట అనుంటే బాగుండేది. సిగ్గు లేదా అని అడిగినా, కూతుర్ని ఇచ్చుకున్న ఇంటికేనా ఈ పని చేసింది అని అరిచినా ఆమె కాళ్ల మీద పడిపోయేది. ఆయన చెప్పులు తొడుక్కుని, ఉమారాణికి చెప్పి, బసవేశ్వరరావు భుజం తట్టి ఆటో ఎక్కాడు. ఎప్పుడొచ్చినా వెళ్లేముందు, "మా ఊరు రండి చెల్లెమ్మా, నాలుగు రోజులుందురుగాని" అనేవాడు. ఈసారి అనలేదు. ఈశ్వరమ్మ కట్ట మీద నిలబడి, ఆటో కనిపించినంత మేరా చూసింది. వెళ్లిపోయేవాళ్లని చూడ్డం ఆమెకు కొత్త కాదు. తన మొహం చూడలేక ఒక మనిషి వెళ్లిపోవడం కొత్త.

సాయంత్రం బసవేశ్వరరావు హుషారుగా వచ్చాడు. "రేపు మధ్యాహ్నం బండి ఎత్తేస్తున్నారమ్మా. ఎల్లుండి నీళ్లు. ఇక ఏడాది దాకా ఎవడూ ఇటు రాడు. వచ్చే ఏటికి అమ్మవారికి రేకుల షెడ్డు వేయిస్తా. నేను ఊరికే నోటిమాట అన్నాను, నువ్వు చేసి చూపించావు!"

"అన్నయ్యగారికి తెలిసిపోయిందిరా."

అతని నవ్వు ఆగింది. "ఏమన్నా అన్నాడా?"

"అనలేదు."

"మరింకేం? తెలిస్తే తెలియనీ. పెద్దమనిషి, బయటపెట్టడు."

"అందుకేరా," అంది ఈశ్వరమ్మ. మిగతాది ఎలా చెప్పాలో తెలియలేదు. లేచి వంటింట్లోకి వెళ్లింది. డబ్బా దించి గిన్నెలోకి మినప్పప్పు వంచి, నీళ్లు పోసి మూత పెట్టింది.

"ఇప్పుడు గారెలేంటి అత్తయ్యా?" అంది ఉమారాణి.

"నాననీ."

తెల్లవారాక జ్యోత్స్న, డ్రైవర్ వచ్చి సామాను సర్దుకుంటున్నారు. ఆడవాళ్లు ఐదారుగురు అమ్మవారి దగ్గర ఉన్నారు. ఎల్లమంద కట్ట మీద కూచుని ఉన్నాడు. ఈశ్వరమ్మ తలస్నానం చేసి, గేటు తీసుకుని వాళ్ల మధ్యకి వెళ్లింది. ఆమెకి దారి ఇచ్చారు. పూజ చేస్తుందనుకున్నారు.

"అమ్మాయ్ జ్యోత్స్నా, ఇది అమ్మవారు కాదు. మా రోట్లో పొత్రం. నేనే తెచ్చి పెట్టాను."

జ్యోత్స్నకి తప్ప ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పింది. ఈసారి అందరికీ వినిపించింది.

ఆదెమ్మ పకపకా నవ్వింది. "అదేం మాటలు వదినా! పొద్దున్నే ఎండ తగిలిందా?"

"పెద్దావిడ రోజూ ఉపవాసాలుంటది కదా, నీరసం" అంది ఇంకొకావిడ.

"నేను చిన్నప్పుడు చూశానంటే నువ్వు ఇప్పుడు పెట్టానంటావేంటమ్మా?" ఎల్లమంద కోపంగా లేచాడు. "నన్ను అబద్ధాలకోరుని చేస్తావా?"

బసవేశ్వరరావు పరుగున వచ్చాడు. మొహం ఎర్రబడిపోయింది. తల్లి మోచెయ్యి పట్టుకుని, జ్యోత్స్నతో చిన్నగా అన్నాడు: "మా నాన్న పోయినప్పట్నుంచీ ఇంతేనండి. మతి స్థిమితంగా ఉండదు. ఏదేదో మాట్లాడద్ది. మీరేం అనుకోకండి."

కొడుకు నోట ఆ మాట విని ఈశ్వరమ్మ అతని మొహంలోకి చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు. తప్పు ఒప్పుకుంటే తిడతారనుకుంది, ఉమ్మేస్తారనుకుంది. నమ్మరని అనుకోలేదు.

"మామ్మగారూ," అంది జ్యోత్స్న మెల్లగా. "మీరు చెప్పింది నిజమైనా నేను ముట్టుకోలేనండి. వీళ్లంతా మొక్కారు."

"నువ్వు ముట్టుకోవద్దమ్మా."

ఆమె మోచెయ్యి విడిపించుకుని చప్టా మీదికి వెళ్లింది. ముందు దండలు తీసింది. చీర విప్పింది, మడత పెట్టి పక్కన పెట్టింది. గాజులు చీర మీద పెట్టింది. ఆదెమ్మ "అయ్యో, అయ్యో" అని నెత్తి కొట్టుకుంది. కానీ ఎవరూ దగ్గరికి రాలేదు. పట్టుకుని ఆపాలంటే రాయి తగులుతుందని అందరికీ భయం. ఈశ్వరమ్మ కూచుని, పొత్రాన్ని అటూ ఇటూ కదిపి, మట్టిలోంచి ఊడబెరికి ఒళ్లోకి లాక్కుంది. లేవబోయి లేవలేకపోయింది. రెండోసారి మోకాలు ఆన్చి లేచింది. పసిపిల్లని ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ గేటు దాటింది. పసుపు చీరంతా అయింది. జనం వెనకే వచ్చారు. పెరటి గోడ మీంచి తలలు.

కొళాయి కింద రాయిని కడిగింది. పసుపు, కుంకుమ, పేరయ్య పోసిన నీళ్ల తాలూకు చారలు అన్నీ పోయి నల్లగా బయటపడింది. రోట్లో ఆకులు తీసి కడిగి, పొత్రాన్ని దించింది. అది గుంటలో కూచున్నప్పుడు గర్‌మని ఒక చప్పుడు చేసింది. గోడ మీంచి చూస్తున్న ఆడవాళ్లల్లో వయసుమళ్లినవాళ్లకి ఆ చప్పుడు తెలుసు. ఏ రోటి పొత్రం ఆ రోటికే అరుగుతుంది. ఇంకొకటి తెచ్చి పెడితే అలా కూచోదు.

నానిన పప్పు వేసి రుబ్బడం మొదలుపెట్టింది. కుడిచేత్తో తిప్పుతూ, ఎడంచేత్తో పిండి లోపలికి తోస్తూ. అమ్మవారు తిరిగింది. తెల్లటి పిండి పైకి లేచింది. మధ్యమధ్య పిండి నేల మీద పడుతోంది. ఎవరూ నవ్వలేదు. ఆదెమ్మ తన మనవడి జ్వరం తలుచుకుందో ఏమో, గోడ మీంచి మొహం తీసేసింది. ఒక్కొక్కరే దిగిపోయారు. ఎవరిదో గొంతు, "మన చేత రోట్లో రాయికి పొర్లుదండాలు పెట్టించింది కదే" అంది. ఇంకో గొంతు పలికిన మాట ఇక్కడ రాయదగింది కాదు. ఎల్లమంద మాత్రం కట్ట మీద అటు తిరిగి నిలబడి ఉండిపోయాడు. అతను తన నాయనమ్మను రెండోసారి పోగొట్టుకున్నాడు. అన్నిటికంటే అది ఎక్కువ బాధేసింది ఈశ్వరమ్మకు.

కాసేపటికి ఉమారాణి వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూచుంది. "మీరు తిప్పండి, నేను తోస్తా" అంది. రాళ్ల మధ్య ఇద్దరి చేతులూ ఆడుతుండగా గోడ అవతల పొక్లెయిన్ స్టార్టయింది. పలక విరిగిన చప్పుడుకి రోలు అదిరింది. ఈశ్వరమ్మ లేచి చూడలేదు. తూములు ఒక్కొక్కటే పగిలాయి. వాటి వెనక ఏళ్లతరబడి ఆగిన బురద కంపు పెరట్లో నిండింది. ఊళ్లో ఆ వేపు కిటికీలన్నీ మూసుకున్నారు. బసవేశ్వరరావు బండి తీసుకుని దుగ్గిరాల వెళ్లిపోయాడు, అన్నం తినకుండా. వెళ్తున్నానని తల్లితో చెప్పలేదు.

ఆ పిండితో ఏం చెయ్యాలో ఎవరికీ తెలియలేదు. పూజలందుకున్న రాతితో రుబ్బిన పిండి తినడానికి మనసొప్పలేదు, పారబొయ్యడానికి చెయ్యి రాలేదు. సాయంత్రానికి పులిసింది. ఉమారాణి గేదె కుడితిలో కలిపేసింది.

నీళ్లు వదిలారు. చప్టా ఉన్నచోట ఆగకుండా, ఒకే పరుగున పోయాయి. ఇదివరకు అక్కడ వినిపించే గలగల ఇప్పుడు లేదు. కాలువ ఇంటి వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా వెళ్తోంది. రేవులో బట్టలుతికే ఆడవాళ్లు ఈశ్వరమ్మ వస్తే పక్కకి జరిగేవాళ్లు, కానీ మాట్లాడేవాళ్లు కాదు. ఆమె రేవుకి వెళ్లడం తగ్గించుకుంది. బసవేశ్వరరావు అన్నం పెట్టించుకునేవాడు, "పెరుగు" అనో, "చాలు" అనో అనేవాడు. అంతకంటే ఇంకేం అడిగే మొహం ఆమెకి లేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఉమారాణి ఫోన్ మోగింది. జయలక్ష్మి.

"వదినా, నీళ్లొచ్చాయి! మా చేను దాకా వచ్చాయి. చెరువుక్కూడా పెట్టారు. ఈ ఏడు నాట్లు ముందే పడతాయి. అమ్మకి ఇవ్వు, అమ్మకి ఇవ్వు."

ఈశ్వరమ్మ ఫోన్ తీసుకుంది. కూతురి సంతోషం చెవిలో పొంగిపోతోంది. "ఊఁ, ఊఁ" అంటూ వింది. తెలిసి మాట్లాడుతోందో, తెలియక మాట్లాడుతోందో అని ప్రతి మాటా వెతికింది. ఏమీ దొరకలేదు. పిల్లకి చెప్పలేదన్నమాట ఆయన. కోడలి ముందు కోడలి తల్లిని దించలేదు.

"అమ్మా, ఉండు, మావయ్యగారు నీతో మాట్లాడతారంట, ఇస్తున్నా..."

ఈశ్వరమ్మ ఫోన్‌ను వేడి పెనం పట్టుకున్నట్టు ఉమారాణి చేతుల్లో పెట్టేసింది. తల అడ్డంగా ఊపుతూ తలుపు చాటుకి వెళ్లిపోయింది. ఉమారాణి స్పీకర్ నొక్కింది.

"చెల్లెమ్మా," అంది పేరయ్య గొంతు.

"నేను ఉమనండి బాబాయిగారూ. అత్తయ్య పెరట్లో ఉన్నారు. పిలవమంటారా?"

ఆయన నిలబడ్డచోట నీళ్లు పారుతున్న చప్పుడు వినిపించింది. ఈశ్వరమ్మ తలుపు రెక్కకి నుదురు ఆన్చి నిలబడింది.

"వద్దులేమ్మా," అన్నాడాయన. "పనిలో ఉండుంటారు."

ఫోన్ పెట్టేశాడు. ఉమారాణి తలుపు వైపు చూసింది. ఈశ్వరమ్మ ఇవతలికి రాలేదు.